ఎనిమిదో దెబ్బ

బ్యాండులో అందరూ ఆవిడను గడియారం అని పిలిచేవారు. డ్రమ్స్ ముందు కూర్చుంటే లెక్క వెంట్రుకవాసి కూడా తప్పేది కాదు. అలాంటి మనిషి ఒకే ఒక్కసారి తప్పింది. ఆ తప్పు కాస్తా రికార్డుకెక్కి కూర్చుంది.

ముప్పై ఏళ్ల కిందటి మాట. ఆవిడా, తమ్ముడూ, మరో ఇద్దరు స్నేహితులూ కలిసి లెక్కలు చిక్కుగా ఉండే ప్రోగ్రెసివ్ రాక్ అనే పాశ్చాత్య సంగీతం వాయించేవారు. రికార్డుకు ఒక వైపంతా నిండిపోయే పొడవాటి పాట ఒకటి కట్టారు. దాని నడుమ ఏడేసి దెబ్బల నడక వస్తుంది. స్టూడియోలో సరిగ్గా అక్కడే ఆవిడ చేతిలో స్టిక్ జారింది. పట్టుకునేలోగా ఏడు కాస్తా ఎనిమిదయింది. మిగతా ముగ్గురూ ఆవిడ చేతినే చూస్తూ వాయిస్తున్నారు గనక ఆవిడతో పాటే ఆగి, ఆవిడతో పాటే కదిలారు. మళ్లీ వాయిద్దామంటే స్టూడియో వేరేవాళ్లకు అప్పగించే వేళయింది. రికార్డు అలాగే బయటికొచ్చింది. వినేవాళ్లు ఆ చోటునే నెత్తిన పెట్టుకున్నారు. "ఎంత ఆలోచించి పెట్టారో!" అని మురిసిపోయారు. ఆవిడ మాత్రం ఎవరింట్లోనైనా ఆ పాట వినబడితే, ఆ చోటు రాకముందే మంచినీళ్ల వంక పెట్టుకుని లేచిపోయేది.

ఎప్పుడో విడిపోయిన బ్యాండు ఇప్పుడు మళ్లీ కలిసింది. రెండు సాయంత్రాలు ఆ పాట వాయించాలి. 'రికార్డులో ఉన్నది ఉన్నట్టు' అని తమ్ముడు పోస్టర్లు కూడా వేయించేశాడు.

"ఉన్నది ఉన్నట్టంటే నా తప్పు కూడానా?" అని అడిగింది రిహార్సల్ మొదటి రోజే.

"అది నీకు తప్పక్కా. వాళ్లకి అదే పాట," అన్నాడు తమ్ముడు కీబోర్డు మీంచి తలెత్తకుండా. "నువ్వు ఏడు వాయించావనుకో, మనల్ని బతకనివ్వరు."

"ఇన్నేళ్లూ దాన్ని మర్చిపోదామని చూశాన్రా. ఇప్పుడు కూర్చుని నేర్చుకోమంటున్నావు."

"ఒక్క దెబ్బే కదక్కా!"

ఒక్క దెబ్బే. కానీ అది చేతికి రానంటే రానంది. సరిగ్గా వాయించమంటే నిద్రలో లేపినా వాయిస్తుంది. తప్పును సరిగ్గా వాయించడమెలాగో అంతుబట్టలేదు. ఒకసారి ఆ దెబ్బ ముందే పడేది, ఒకసారి మరీ వెనకబడేది. చాలాసార్లు చెయ్యి తన దారిన తాను ఏడు ముగించి ముందుకెళ్లిపోయేది. అన్నం సయించడం మానేసింది. కూరగాయలు తరుగుతూ లెక్కపెట్టేది, పళ్లు తోముకుంటూ లెక్కపెట్టేది.

కళ్లజోళ్ల దుకాణం మూసి భర్త ఇంటికొచ్చేసరికి సోఫా దిండును బాదుతూ కనిపించింది.

"అదేం పాపం చేసిందే?" అన్నాడాయన.

"నవ్వకండి. కావాలని తడబడాలి, కానీ కావాలని చేసినట్టు ఉండకూడదు. ఏదీ, మీరు చెయ్యండి చూద్దాం!"

ఆయన నిజంగానే చెప్పులు విడిచి, గది పొడవునా నడుస్తూ మధ్యలో తడబడబోయాడు. అచ్చం కొంగ గంతేసినట్టుంది. ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నవ్వు తగ్గాక ఆవిడ మళ్లీ దిండు మీద లెక్క మొదలెట్టింది.

"నీకు ఎలా వస్తే అలా వాయించెయ్యవే," అన్నాడాయన మెల్లగా.

"నేనొక్కదాన్నే అయితే ఆ పనే చేద్దును," అంది ఆవిడ.

మొదటి సాయంత్రం హాలు కిటకిటలాడింది. పాట సగానికి వచ్చేసరికి ముందు వరసల్లో జనం కుర్చీల అంచులకు జరిగారు. దేనికోసమో ఆవిడకు తెలుసు. ఐదు, ఆరు, ఏడు... చెయ్యి ఆగలేదు. ఆవిడ ఏడుకే ముందుకెళ్లింది. మిగతా ముగ్గురూ ఎనిమిదికి ఆగారు.

వాళ్లను కలుపుకుందామని ఆవిడ ఒక దెబ్బ ఆగింది. సరిగ్గా అప్పుడే ఆవిడను అందుకుందామని వాళ్లు ఒక దెబ్బ వదిలేశారు. ఇరుకు గుమ్మంలో ఎదురుపడ్డ ఇద్దరు, ఒకరికొకరు దారి ఇవ్వబోయి మళ్లీ మళ్లీ ఢీకొన్నట్టయింది. చివరికి బేస్ గిటార్ వాయించే స్నేహితుడు చేతులెత్తేశాడు. ఆవిడా ఆపేసింది. తమ్ముడొక్కడే పాలిపోయిన ముఖంతో కీబోర్డు నొక్కిపట్టుకుని ఉన్నాడు. ఆవిడ ఊపిరి పీల్చుకుని, స్టిక్కులతో పైకే లెక్క కొట్టి అందర్నీ మళ్లీ పాటలోకి లాక్కొచ్చింది. ముగిశాక చప్పట్లు పడ్డాయి గానీ, కొందరు చేతులు కట్టుకునే కూర్చున్నారు.

తెర వెనక తమ్ముడు ఒక కుర్చీలో కూలబడ్డాడు.

"తిట్టరా, తిట్టి చావు," అంది ఆవిడ.

"తిట్టడానికేముంది? నేనూ తలెత్తి చూడలేదు కదా." ముఖం తుడుచుకున్నాడు. "ఆ రోజు నీ చెయ్యి చూసి వాయించాం. ఇవాళ ముగ్గురం ముందు పెట్టుకున్న కాగితంలో రాసిన ఎనిమిది చూసి వాయించాం."

"అయితే రేపు?"

"రేపు కాగితాలు తీసేస్తాం. డ్రమ్స్ మాకెదురుగా పెట్టిస్తాను. నీకు ఎన్ని వస్తే అన్ని వాయించు, మేం వస్తాం."

"మరి పోస్టర్లో అలా వేయించావే?"

"తిడితే నన్ను తిడతారులే."

మర్నాడు ఆవిడ ఏడే వాయించింది. ముగ్గురూ ఆవిడతోనే వెళ్లారు, ఎక్కడా అతుకు కనబడలేదు. ఒక పెద్దాయన మాత్రం పాట మధ్యలోనే లేచి వెళ్లిపోయాడు. బయట నిలబడ్డవాళ్లలో సగంమంది మోసం అన్నారు, సగంమంది ఇదే బాగుందన్నారు. దారిలో భర్త, "ఇక హాయిగా నిద్రపోతావా?" అని అడిగాడు.

"ఏం నిద్రండీ," అంది ఆవిడ. "వచ్చే నెల ఇంకో ఊళ్లో ఒప్పుకున్నాడట మా తమ్ముడు. ముగ్గురూ కళ్లార్పకుండా నా చేతినే చూస్తారు. నిన్నటిదాకా ఒక్క దెబ్బకే భయం, ఇక ప్రతి దెబ్బకూ భయమే. నిన్నటిదే నయం."