కెమెరా ముందు సూరి

తమ్ముడి పేరు జెనీవాలో జరిగే మానవ హక్కుల సమావేశంలో చదవనివ్వాలా వద్దా తేల్చుకోలేక ఆ వారమంతా సుధామణి ఒక్కచోట నిలవలేకపోయింది. పళ్ల డాక్టరు దగ్గర రోగులను లోపలికి పిలిచే ఉద్యోగం ఆమెది. ఒకరిని పిలవబోయి ఇంకొకరిని పిలిచేది. బర్మాలోని పజుండౌంగ్ పేటలో వాగు పక్కనున్న ఇంటికి చేరాక వంటింటికీ వీధి గుమ్మానికీ మధ్య తిరుగుతూనే ఉండేది.

తమ్ముడు సూరి ఉచిత అంబులెన్సు నడిపేవాడు. సైన్యం గద్దెనెక్కిన ఏడాది, లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీల దగ్గర కాల్పులు జరిగాయని ఫోను వస్తే పట్టపగలే బండి తీశాడు. గాయపడినవాళ్లను ఆస్పత్రికి తెస్తుంటే దారిలో ఆపి, బండినీ అతన్నీ తోడెళ్లిన కో మిన్‌నీ పట్టుకుపోయారు. తిరుగుబాటుదారులకు సాయం చేశాడన్నారు. లోపలే విచారణ, లోపలే శిక్ష. అప్పట్నుంచి జైలు గేటు దగ్గర తల్లీకూతుళ్లు తెచ్చిన అన్నం పుచ్చుకున్నవాళ్లే కాని, మనిషిని చూపించినవాళ్లు లేరు.

సరిహద్దు దాటి థాయ్‌లాండులో తలదాచుకున్న తీరీ అనే బర్మా లాయరమ్మ ఫోను చేసింది. "గాయపడ్డవాళ్లను కాపాడి జైలుపాలైనవాళ్ల గురించి సమావేశంలో నిలదీయబోతున్నారు. మీ తమ్ముడి సంగతి చెప్పమంటారా? పేరు బయటికొస్తే సైన్యంవాళ్లు చంపడానికి జంకవచ్చు. పగబట్టి ఇంకా కొట్టనూవచ్చు. నేను మాటివ్వలేను" అంది.

తల్లి దేముడమ్మ వద్దంటే వద్దంది.

"నోరు మూసుకున్నాం గనకే ఆడు బతికున్నాడు. తెల్లోళ్లకేటి, సదివీసి ఎలిపోతారు. నా కొడుకున్నది ఈళ్ల సేతుల్లో."

"బతికున్నాడని నీకెవులు సెప్పినారు?" అనేసింది సుధామణి.

తల్లి చేతిలో గరిట ఆగిపోయింది. అంతదాకా ఆ ఇంట్లో ఎవరూ పైకనని మాట అది. దేముడమ్మ పొయ్యి ఆర్పేసి చాలాసేపు గోడకు చేరబడి కూర్చుంది.

"అయితే సదవమను" అంది చివరికి, మొహం ఇటు తిప్పకుండానే.

పేరు చదివారు. కళ్లజోడు పెట్టుకున్నావిడ ఎవరో "సూరీ" అని దీర్ఘం తీసి పలకడం సుధామణి క్లినిక్ మెట్ల కింద నిలబడి ఫోనులో వింది. ఇంటికి బయలుదేరేముందు ఆ వీడియో చెరిపేసింది. వంతెన దగ్గర సైనికులు ఫోన్లు తెరిచి చూస్తారు. కొన్ని దేశాలు సూరి ఎక్కడున్నాడని అడిగాయి. ఆ తర్వాత సందులో ఏ బండి ఆగినా ఇద్దరూ తలుపు సందులోంచి తొంగిచూసేవారు.

ఒక ఉదయం వార్డు అధికారి ఊ తాన్ మాంగ్ వచ్చాడు. కేకలేస్తాడనుకున్నారు. అతను నవ్వాడు.

"మంచి బట్టలు కట్టుకోండి. అబ్బాయిని చూపిస్తారట. విదేశాలవాళ్లు పుకార్లు పుట్టిస్తున్నారు కదా. బాగా చూసుకుంటున్నారని మీ నోటితో మీరే టీవీలో చెప్పాలి."

జైల్లో సున్నం వాసన ఇంకా పోని గది. బల్లమీద కమలాపండ్ల పళ్లెం. సూరిని తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టారు. కొత్త చొక్కా మడతలు విడలేదు. కాలరు మెడకు దూరంగా నిలబడి ఉంది. కుడిచెయ్యి బల్లకింద పెట్టుకున్నాడు.

కెమెరా పెట్టించి జైలు ఆఫీసరు ముందు దేముడమ్మను అడిగాడు. నేర్పినట్టే బర్మా మాటల్లో, "బాగున్నాడు, సంతోషం" అంది. కొడుకును ఇంకొంచెంసేపు చూడనిస్తారంటే ఆ క్షణంలో ఏం చెప్పమన్నా చెప్పేసేది. సుధామణి వంతు వచ్చింది. ఆ మాట తానూ అంటే తీరీ చెప్పినదంతా అబద్ధమైపోతుంది. అనకపోతే సూరి గతి ఏమవుతుంది?

సూరే అందుకున్నాడు. "అక్కకి బర్మా భాష సరిగా రాదు సార్. మా భాషలో పలకరిస్తాను."

సుధామణి రోజంతా మాట్లాడేది బర్మా భాషే. ఆఫీసరు కెమెరా మనిషి వైపు చూసి తలూపాడు. సూరి ఎడమచేత్తో ఒక పండు తీసి, నవ్వు మొహంతో, యోగక్షేమాలు అడుగుతున్నట్టే అక్కతో అన్నాడు:

"అప్పా, నవ్వుతా ఇను. కుడిసెయ్యి ఇరగ్గొట్టీసినారు, అతకనేదు. నాతో పట్టుకొచ్చిన కో మిన్ దెబ్బలకి సచ్చిపోనాడు. ఆళ్లింట్లో తెలీదు. నువ్వు సెప్పు. నాకేటవుద్దో అని సూడకు."

"అలాగేరా" అంది సుధామణి నవ్వుతూ. బుగ్గలు నొప్పెట్టాయి.

దేముడమ్మ ప్రతి మాటా వింది. కొడుకు చేతిలో పండు లాక్కుని ఒలవసాగింది. తొక్కలు ఒళ్లో పడుతున్నాయి. "తిను నాయనా" అంటూ తొనలు అతని నోటికి అందించింది.

"ఏమంటున్నాడు?" అన్నాడు ఆఫీసరు.

సుధామణి కావాలనే తడబడింది. "అమ్మ... ఒంట్లో... బాగుందా అని."

మర్నాడు సాయంత్రం టీవీలో అంతా చూపించారు. అక్కను మాతృభాషలో ఆప్యాయంగా పలకరించాడని వార్తలు చదివే అమ్మాయి చెప్పింది. పజుండౌంగ్‌లోని తెలుగు ఇళ్లన్నీ విన్నాయి. చీకటి పడకముందే కిరాణా కొట్టు సత్తిరాజు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఎవడో ఒకడు ఆళ్లకి అర్థం సెప్పేస్తాడమ్మా. ఇక్కడుండొద్దు. ట్వంటే ఊళ్లో మా కుండల గిడ్డంగి ఖాళీగానే ఉంది, ఎల్లిపొండి."

వెళ్లారు. కుండల వరసల మధ్య సుధామణి ఫోను పట్టుకుని అటూ ఇటూ తిరిగింది. తమ్ముడి మాటలకు అర్థం తీరీకి చెప్పాలి. చెబితే వాణ్ణి ఏం చేస్తారో. నంబరు నొక్కుతుంది, తీసేస్తుంది.

ఈసారి తల్లే అంది. "ఆ సచ్చిపోనోడికీ ఓ తల్లుంటాది కదే. సెప్పీ."

తీరీ అంతా వింది. "కో మిన్ తల్లి ఈ ఉదయం కూడా గేటు దగ్గరికి అన్నం తీసుకెళ్లింది" అంది.

ఆ వీడియో, దాని అర్థం, రెండూ కలిసి దేశదేశాలు తిరిగాయి. ప్రశ్నలు మళ్లీ వచ్చాయి. సూరిని చీకటి కొట్లో వేశారు. ఆపైన ఎక్కడో ఉత్తరాది జైలుకు పంపారని తెలిసింది. వానాకాలంలో అక్కణ్ణుంచి విడుదలైన ఒకాయన ట్వంటేదాకా వెతుక్కుంటూ వచ్చాడు. విదేశాలవాళ్లు పదేపదే అడగబట్టి డాక్టరు వచ్చి చెయ్యి చూశాడట. రెండు వేళ్లు మాత్రం కదలవట.

"మామీద కోపంగా ఉన్నాడా?" అంది సుధామణి.

"లేదు. కో మిన్ తల్లికి తెలిసిందా అని అడిగాడు."

దేముడమ్మకు మాత్రం ఆ జైలుకు ఏ రైలెళ్తుందో కావాలి. అడిగిందే అడిగింది.

నెల తిరక్కుండా తీరీ మళ్లీ ఫోను చేసింది. వచ్చే సమావేశంలో ఇంటివాళ్లే మాట్లాడితే బాగుంటుందంది. సుధామణి సిగ్నలు కోసం కాలవ గట్టు పట్టుకుని నడిచింది. కాళ్లకు బురద అంటుకుంటూ తల్లి వెనకే వచ్చింది.

"ముందు నన్ను సెప్పనీ" అంది దేముడమ్మ, ఫోనుకు చెయ్యి చాస్తూ. "ఆ రోజు బాగున్నాడని నానే కదా అన్నాను."