కీ ప్రకారం భార్యదే తప్పు

“పదికి పదా మేడమ్! కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చారా?”

ఆమె దిద్దిన కట్టలోంచి ఒక జవాబుపత్రం తీసి బల్ల మీద పడేశాడు చీఫ్ ఎగ్జామినరు. హాలులో దిద్దుతున్న లెక్చరర్లు తలలెత్తారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా.

మామగారికి మెత్తగా, భర్తకు ఉప్పు తగ్గించి విడివిడిగా వండి, అడుగంటినది తన క్యారియరులో సర్దుకుని, బస్సులో నిలబడి వచ్చిన మనిషి ఆమె. ముప్ఫయ్యేళ్ళుగా సాహిత్యం చెబుతోంది. ప్రశ్న ఏటా వచ్చేదే: మంత్రగత్తెల విచారణ గురించిన ఇంగ్లీషు నాటకంలోని ఇతివృత్తాన్ని, పాత్రలను చర్చించండి. పనిపిల్లతో తప్పు చేసి, చివరికి ఒప్పుకున్న యజమాని ధీరత్వానికి నాలుగు మార్కులు, పనిపిల్ల మాయలకు మూడు, ‘భార్య ముభావమే భర్త పతనానికి మూలం’ అన్న వాక్యానికి మూడు. దిద్దేవాళ్ళకిచ్చిన కీ అలా ఉంది.

ఈ నంబరు గల విద్యార్థి, ఆడో మగో తెలియదు, ఇలా రాశాడు లేదా రాసింది: ‘అతనికి ముప్ఫయి దాటాయి, ఆమెకు పదిహేడు. ఇల్లు అతనిది, జీతమిచ్చేది అతను. తప్పు ఒప్పుకున్నందుకు అతడు ధీరుడయ్యాడు. ఆ పిల్ల చివరిదాకా మాయలాడిగానే మిగిలింది. జబ్బుతో మంచాన పడ్డ భార్య చేత కూడా, తప్పు నాదేనని చెప్పించారు.’

చదివినప్పుడు ఆమెకు ఒళ్ళు మండింది. విద్యార్థి మీద కాదు. పన్నెండేళ్ళ క్రితం భర్త తన ఆఫీసులో కొత్తగా చేరిన ఇరవై రెండేళ్ళ పిల్లతో తిరిగాడు. “ఇంట్లో నవ్వుమొహం ఉంటే వాడు బయటికెందుకు పోతాడమ్మా?” అంది అత్తగారు. “నువ్వసలు మనిషివా, రాతిబొమ్మవా?” అన్నాడు భర్త. ఆ పిల్ల ఉద్యోగం పోయింది, ఆయనకు ప్రమోషన్ వచ్చింది. ఆమె మాత్రం అద్దం ముందు నిలబడి నవ్వడం ప్రాక్టీసు చేసింది. ఆ పిల్లను తన నోటితోనే మాయలాడి అంది. తప్పు చేసినవాడిని వదిలి, అత్తగారు నా మీదికి, నేను ఆ పిల్ల మీదికి వేలెత్తాం అని ఇప్పుడు తెలుస్తోంది.

“కీ ప్రకారం నాలుగు మించవు. దిద్దేయండి మేడమ్,” అన్నాడు చీఫ్.

“నాలుగేస్తే మొత్తం మీద ఈ నంబరు ఫెయిలవుతుంది.”

“అయితే అవుతుంది! పెద్దవాళ్ళు ఆలోచించి రాసిన కీ ఇది. పన్నెండేళ్ళుగా నడుస్తోంది. మీకంత పౌరుషం దేనికి?”

“ఆ పెద్దవాళ్ళలో నేనూ ఉన్నాను. ఈ ప్రశ్న నా వంతుకు వచ్చింది. ‘భార్య ముభావం’ వాక్యం రాసింది నేను.”

ఆమె తెల్లకాగితం తీసుకుని, తొందర లేకుండా రాసింది: ‘ఈ వాక్యానికి నాటకంలో ఉన్న ఆధారం భార్య తనను తాను నిందించుకోవడమొక్కటే. కీ రాసిన సంవత్సరం మా ఇంట్లో నాకు చెప్పిన మాటను నేను సాహిత్యమని రాశాను. దీన్ని తొలగించి, అన్ని కట్టలూ తిరిగి దిద్దించాలి.’ కింద పూర్తి సంతకం పెట్టింది.

చీఫ్ కాగితాన్ని ముట్టుకోలేదు. గొంతు తగ్గించి అడిగాడు.

“బాగానే ఉంది. మరి ఇన్నేళ్ళూ ఆ వాక్యం రాసి మార్కులు తెచ్చుకున్న ఆడపిల్లల మాటేమిటి మేడమ్?”

“వాళ్ళకిప్పుడు పెళ్ళిళ్ళయి ఉంటాయి,” అంది ఆమె. “నేను నేర్పింది నమ్ముతూ ఉంటారు.”