ఏట్లో తలుపు

ఇసుక.

తెర నిండా ఇసుక. ఎండిపోయిన ఏరు. ఆ ఏటి నడిమధ్య — ఒక తలుపు.

ఇల్లు లేదు. గోడ లేదు. గడప, ద్వారబంధం, మూసిన రెండు రెక్కలు... అంతే. ఒక ఆడమనిషి నడిచివచ్చి దాని ముందు నిలబడింది. మూడుసార్లు తట్టింది. ఆగింది. మళ్ళీ ఒకసారి తట్టింది.

తలుపు తెరుచుకోలేదు.

మూడు. ఆగి... ఒకటి.

పాట లేదు, మాట లేదు. జమ్మలమడుగు టూరింగ్ టాకీసు డేరాలో ఆ తట్టిన చప్పుడు, బొమ్మ వేసే మిషన్ చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించడం లేదు. నేల టికెట్టు జనం బీడీలు పీల్చడం కూడా మరిచిపోయారు. వరదరాజులు బెంచీ అంచుకు జరిగి కూర్చున్నాడు.

ఆంధ్రరాష్ట్రం వచ్చిన రెండో ఏడు అది. వరదరాజులు ఆ ఊరి బోర్డు స్కూల్లో అయివారు. సినిమా పిచ్చోడు. పిచ్చంటే మామూలు పిచ్చా! ఖాజీపేట ఆదినారాయణ మద్రాసు పోయి కత్తియుద్ధాల సినిమా ఒకటి తీస్తే, పొద్దుటూరుకు పోయి పదకొండుసార్లు చూసొచ్చాడు. మన జిల్లావాడు తీశాడని క్లాసులో పాఠం ఆపి మరీ కథ చెప్పాడు. ఆదినారాయణ అంటే దేవుడన్నాడు.

ఆ దేవుడి రెండో సినిమా ఇది.

మూడు. ఆగి... ఒకటి.

ఇంకా ఎంతసేపు తడుతుంది? ఏముంది ఆ తలుపు వెనక? ఇసుకే కదా! ఇసుక కింద...

వరదరాజులు దిగ్గున లేచాడు.

"తీసేయప్పా ఆ తలుపు!"

ఆ గొంతు తనదేనని అతనికే తెలియలేదు. నేల టికెట్టు జనం అందుకున్నారు. తీయ్! తీయ్! తీయ్! తలుపు తెరవమని అరిచినవాళ్ళు కొందరు, బొమ్మను తొలగించమని అరిచినవాళ్ళు కొందరు — తెలుగులో రెండింటికీ ఒకటే మాట, ఏం చేస్తాం! ఎవడిదో చెప్పు ఎగిరివచ్చి తెరకు తగిలింది. డేరా యజమాని అబ్దుల్ సత్తార్ హడలిపోయి మిషన్ ఆపేశాడు. ఆ రీలు తీసేసి ఇంకో రీలెక్కించాడు.

తలుపు పోయింది.

తడికకు ఆ తట్టు, ఆడవాళ్ళలో, ఒక్క మనిషి ఏడుపు మాత్రం ఆగలేదు. అది ఎవరి ఏడుపో వరదరాజులుకు తెలుసు.

ఇంటికి నడిచేటప్పుడు అతని భార్య ఆండాళ్ పది అడుగులు వెనకే నడిచింది. వీధి మలుపులో ఒకే ఒక్క మాటంది.

"ఆ సినిమా తీసినాయప్ప నాకు ఇసకన్నా చూపిస్తాండె. చూసేలోపల మీరు తీసేయిస్తిరి."

వకుళ. వాళ్ళ మూడేళ్ళ పిల్ల. అంతకు ముందు ఏడు జ్వరంతో పోయింది. చిన్నబిడ్డ గదా, కాల్చరు — పెన్న ఇసుకలో పూడ్చిపెట్టాలి. ఆడవాళ్ళు రాకూడదు. వరదరాజులు భుజాన వేసుకుని పోయాడు. ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. యాడ పెడితిరి అని ఆండాళ్ ఒకసారి అడిగింది. రెండుసార్లు అడిగింది. ఎందుకిప్పుడు అవన్నీ అన్నాడు. చెప్పాలనే ఉండేది పాపం. నోరు పెగిలేది కాదు.

మూడోసారి ఆమె అడగలేదు.

ఆ సినిమా చూసొచ్చినాక, తమ్ముడి పెళ్ళికని పులివెందుల పుట్టింటికి పోయింది. పెళ్ళి అయిపోయింది. ఆమె రాలేదు. జాబు రాస్తే జాబు లేదు.

అతని కోపమంతా ఆదినారాయణ మీదికి మళ్ళింది. ఏట్లో తలుపేంది, తల తిరిగినోడి పని కాకపోతే! మద్రాసు పత్రికకు ఉత్తరం రాశాడు. 'ఈ దర్శకుడికి వెర్రి ముదిరినది' అని అచ్చేశారు. ఆ పత్రిక చంకలో పెట్టుకుని ఊరంతా తిరిగాడు. ఆదినారాయణ మళ్ళీ సినిమా తీయలేదు.

అయినా ఆ తలుపు వదిలితేనా!

బోర్డు మీద సుద్దముక్కతో కొడితే — మూడు. ఆగి... ఒకటి. పిల్లలు నవ్వారు. తాను అట్లా కొడుతున్నానని అప్పుడు తెలిసింది.

ఎండాకాలం ఒక పొద్దున పెన్నకు పోయాడు. బిడ్డను పూడ్చిన రోజు తర్వాత పోవడం అదే మొదలు. మధ్యలో ఏరు వచ్చి పోయింది. ఇసుకంతా చదునైంది. ఒడ్డున వంగిన తుమ్మచెట్టు, దాన్నుంచి పన్నెండు అడుగులు... అక్కడ నిలబడ్డాడు. ఒక గుర్తు లేదు. ఒక రాయి లేదు. ఎక్కడ చూసి ఏడవాలో తెలియలేదు.

ఇక్కడ ఒక తలుపుంటే బాగుండు అనుకున్నాడు.

అనుకున్నాడు, అంతే... కూలబడిపోయాడు. ఆదినారాయణ పిచ్చోడు కాదు. ఆదినారాయణకు తెలుసు. పిచ్చోణ్ణి నేను, నేను, నేను... అని ఇసుకలో కూర్చుని ఏడ్చాడు.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన మరుసటి ఏడు, సత్తార్ డేరా పులివెందులలో వేశారు. అదే సినిమా. వరదరాజులు పరుగున పోయాడు. ఆండాళ్‌కు ఆ తలుపు పూర్తిగా చూపించాలి. చూపించి, బయటికొచ్చి, ఆ చోటు చెప్పాలి. దాన్ని చూసినాకే నోరు పెగులుతుందని అతని నమ్మకం.

మొదటాట. తడికకు ఆ తట్టు ఆండాళ్ తనంతట తానే వచ్చి కూర్చోవడం చూశాడు. 

ఇసుక వచ్చింది. ఏరు వచ్చింది. ఇప్పుడు... ఇప్పుడు...

గజ్జెలు! ఎవరో ఒకామె, ఏ సినిమాలోదో, గిరగిరా తిరుగుతూ డాన్సు. జనం ఈలలు. ఆడవాళ్ళ తట్టు నుంచి ఒక మనిషి లేచి వెళ్ళిపోయింది.

వరదరాజులు మిషన్ దగ్గరికి ఉరికాడు. "తలుపు యాడ సత్తార్? తలుపు యాడబోయింది?"

"మీరే గదా అయివారూ, తీసేయమన్నింది!" సత్తార్ బిత్తరపోయాడు. "ఆ పొద్దే కోసేసి డాన్సు ముక్క అతికిస్తి. మళ్ళీ గలాటా ఎందుకని."

"ఆ ముక్క?"

"పాత ఫిలిం మూటలో ఏస్తి. నిన్ననే పొద్దుటూరుకు తోలితి. వెండి తీసేకి."

"తలుపు తెరుచుకుంటుందా? కోసేటప్పుడు చూసింటావే!"

"యాడ చూస్తా అయివారూ? కత్తెర పెట్టి కోస్తి, అంతే. ఆ బొమ్మకు ఇంకో కాపీ కూడా యాడా మిగల్లేదు."

వరదరాజులు మామగారింటికి నడిచాడు. మామగారు ఊళ్ళో లేరు. తలుపు వేసి ఉంది.

"తలుపు తీయ్, ఆండాళ్."

లోపల గాజులు కదిలాయి. "తీసేయిస్తిరి గదా," అందామె. అంతే. గాజుల చప్పుడు లోపలి గదిలోకి పోయింది.

తెల్లవారి మొదటి బస్సు. ముద్దనూరు దగ్గర ఇంజను ఆవిరి కక్కి ఆగిపోయింది. బిందెతో నీళ్ళు తెస్తూంటే అతను రోడ్డు మీద అటూ ఇటూ తిరిగాడు. ఆ ఫిలిం నాననీయొద్దు స్వామీ, ఇంకొక్క గంట నాననీయొద్దు... పొద్దుటూరులో వెండి కరిగించే ఇంటి పెరడుకు చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది.

మూడు తొట్లు. చాకలిసోడా కలిపిన వేడి నీళ్ళు. ఫిలింని అందులో నానేసి గీకితే బొమ్మ ఊడివస్తుంది. అడుగున చేరిన మడ్డిని కాల్చి వెండి తీస్తారు. మిగిలిన తెల్ల ఫిలిం గాజులు చేసేవాళ్ళకు పోతుంది. తొట్టి దగ్గర జానీబీ మోచేతుల దాకా తడిసి నిలబడి ఉంది. ఆ పెరట్లో పని ఆమెదే.

"పులివెందుల మూట..." అన్నాడు. తొట్లోకి వంగి చూశాడు.

"పొద్దున్నే ఏస్తి గదా సామీ. ఏంది, ఇట్ల ఉరికొస్తివి? ఎవురన్నా సచ్చిపోయినారా?"

"ఆ," అన్నాడు వరదరాజులు. "నా బిడ్డ."

ఆ మాట అతను ఎవరికైనా చెప్పడం అదే మొదలు.  జానీబీ చెయ్యి తొట్లో పెట్టి వెతికింది. మూరెడు తీసింది, బారెడు తీసింది. తెల్లనివి, అన్నీ తెల్లనివి. చివరికి తొట్టి అంచు మీద వేలాడిన ఒక కొన — నీళ్ళు తగలనిది — జానెడు ఉంది.

ఎండకు పట్టి చూశాడు.

ఇసుక. ఏరు. తలుపు. తలుపు ముందు ఎత్తిన చెయ్యి. ఒక గడిలో ఎత్తిన చెయ్యి, ఇంకో గడిలో ఎత్తిన చెయ్యి... ఆ తర్వాత తెల్లన. దాంట్లోంచి పెరటి గోడ కనబడింది. తలుపు తెరుచుకుందో లేదో ఇక అతనికి తెలిసే దారి లేదు. తను ఒక్క నిమిషం నోరు మూసుకుని కూర్చునుంటే తెలిసుండేది.

"వెండి దాంట్లో ఏం లేదులే, తీస్కపో," అంది జానీబీ.

పులివెందుల. సాయంకాలపు ఎండ. అదే వీధి. అదే తలుపు, వేసే ఉంది.

చేతిలో జానెడు ఫిలిం ముక్క. చెయ్యి ఎత్తాడు. మూడుసార్లు తట్టాడు.

ఆగాడు.

"తీయ్ అనను ఆండాళ్," అన్నాడు తలుపుతో. "నీ ఇష్టం. చెప్పి పోతా. మైలవరం దారి రేవులో, ఒడ్డున వంగిన తుమ్మచెట్టుంది. ఆణ్ణుంచి ఏట్లోకి పన్నెండు అడుగులు. తల తూర్పుకు పెట్టినా. నీ పాత చీర ముక్క చుట్టినా, పచ్చది. చలేస్తాదేమోనని... ఇసక మెల్లగా పోసినా ఆండాళ్. మొగం మీద నేనే పోసినా."

లోపల గాజులు తలుపు దాకా వచ్చి ఆగాయి.

నాలుగోసారి తట్టాలి. చెయ్యి ఎత్తాడు గాని, రెక్క మీదికి పోలేదు. అట్లాగే గాల్లో ఉండిపోయింది. చెక్కకు ఆ పక్క ఎవరో ఊపిరి తీస్తున్నారు.

అప్పుడు — సరిగ్గా అతని చెయ్యి ఉన్న ఎత్తులో — లోపలి నుంచి...

ఒకసారి.