ఆకుమడి లేని సార్వా

మా ఆయన సత్యప్రసాద్‌కి ఒక్కసారి కలిసొచ్చిందంటే ఇక ఎవరి మాటా చెవికెక్కదు. మొన్న రెండో పంట దాళ్వాలో డ్రమ్ సీడర్‌తో వరి వేశాడు. దాన్ని లాక్కుంటూ పోతే మొలకెత్తిన గింజలు చిల్లుల్లోంచి వరసగా బురదలో పడతాయి. నారు పెంచక్కర్లేదు, నారు నాటే ఊడ్పులకు మనుషుల కోసం తిరగక్కర్లేదు, పంటా వారం ముందే చేతికొచ్చింది. కలుపు పీకి పీకి నా నడుం విరిగిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు మహానుభావుడు. రామచంద్రపురం బస్సులో కూడా అదే ప్రసంగం. ఊరంతా నమ్మింది.

వానాకాలం సార్వాకీ అదే పద్ధతన్నాడు. దాళ్వాలో నీళ్లు మన చేతిలో ఉంటాయి, సార్వాలో వాన చేతిలో ఉంటాయి, మనది డ్రెయిన్ పక్క పల్లపు చేను, ఓ మూల ఆకుమడి కట్టి కాస్త నారు పోసుకుందామని మొత్తుకున్నాను. నవ్వాడు. ఏటా మా చేను ఊడ్చే ముఠా పెద్ద బుల్లెమ్మ, ఎప్పుడు రమ్మంటారని అడగడానికొస్తే, ఇక మీతో పనిలేదన్నాడు. ఆవిడ ముఖం చూడలేక నేను లోపలికెళ్లిపోయాను.

మొలక వేరు పట్టకముందే వాన పట్టుకుంది. డ్రెయిన్ ఎగదన్నింది. నీళ్లు తీసేసరికి విత్తనమంతా కుళ్లి కంపు. మాదే కాదు, ఊరందరిదీ.

మాది కౌలు చేను. బీడు పెడితే దాళ్వాకి ఇంకొకరికిస్తానని ఆసామి అచ్చిబాబు గారు కబురంపారు. అది పోతే మాకు వేరే ఆధారం లేదు. మళ్లీ నారు పోసి పెంచే అదనూ లేదు. ఏటా ఊడ్పులయ్యాక మిగిలిన నారు కట్టలు గట్ల మీద పెడితే కావలసినవాళ్లు పట్టుకుపోయేవారు. ఈసారి మా ఊళ్లో ఆకుమడి కట్టినవాడే లేడు. మండపేట దాకా తిరిగినా ఎవరి నారు వాళ్లకే చాలలేదు.

చివరికి ఇద్దరం బుల్లెమ్మ ఇంటికెళ్లాం. ఆవిడ తిట్టినా బాగుండేది.

"ఊడ్చడానికి మేం ఉన్నామండి. నారేదండి?" అంది.

తిరిగొస్తూ చేను దగ్గర ఆగాం. డ్రమ్ముల్లో విత్తనం నింపినప్పుడు గట్టు మీద ఒలికిన గింజలు మాత్రం పచ్చగా మొలిచి ఉన్నాయి. అంతా కలిపితే పిడికెడు. మా ఆయన వాటిని పీకి, చేలోకి దిగి, బుల్లెమ్మ వాళ్లలాగే నడుం వంచి వెనక్కి నడుస్తూ ఊడ్చాడు. నాలుగడుగులు వేసేలోగా అయిపోయాయి. నాకు ఏడుపాగలేదు.

ఆయన లేవలేదు. వంగినవాడు వంగినట్టే చెయ్యి వెనక్కి చాపాడు.

"నారందివ్వు," అన్నాడు.