మూత కింద నీలం పంపు

నేను ఒక హార్మోనియం పెట్టెను. నాకు తిత్తులున్నాయి గాని సొంత ఊపిరి లేదు. ఎవరైనా వచ్చి ఎడమచేత్తో నా వెనక రేకును కొట్టి, లోపలికి ఇంత గాలి తోస్తేనే నాకు నోరు లేస్తుంది. చెయ్యి ఆగితే నేనూ ఆగిపోతాను. అందుకే ఊపిరి సంగతి ఎక్కడ వినబడినా చెవి అటు పడేస్తాను. ఊపిరి ఎక్కడి నుంచి వస్తుంది, ఎవరు తోస్తారు అన్నది నాకు ఇప్పటికీ తీరని సందేహమే.

నన్ను చేసింది తెనాలిలో మస్తాన్ అనే పనివాడు. టేకుచెక్క పెట్టె, ఇత్తడి రీడ్లు, అతుకులకు మేకతోలు. ఒక్కొక్క రీడునూ సన్నటి ఆకురాయితో గీకి, చెవి దగ్గర పెట్టుకుని విని, మళ్ళీ గీకేవాడు. చివరికి మూత వేస్తూ, "ఎవరింటికి పోతావో ఏమో గాని, నోరు మాత్రం మంచిదే నీది," అన్నాడు. మొదట ఒక నాటక సమాజం వాళ్ళింటికి పోయాను. పదేళ్ళపాటు కాటిసీనులో ఏడ్చాను, రాయబారం సీనులో రంకెలు వేశాను. ఆ సమాజం చెదిరిపోయాక, చీరాలకు ఆరు మైళ్ళ దూరంలోని ఒక పేటలో చర్చి వాళ్ళు నన్ను కొన్నారు. మొదటి ఆదివారం పాస్టరుగారు నామీద చేతులుంచి, నాటకాల వాసన వదిలిపోవాలని చాలాసేపు ప్రార్థన చేశారు. లోపల ఏం మారుతుందోనని ఆత్రంగా కాచుకున్నాను. ఆరోజు మెట్టు నొక్కితే మళ్ళీ అదే షడ్జమం పలికింది. అందరూ "ఎంత పరిశుద్ధంగా పలుకుతోందో!" అన్నారు. సరేననుకున్నాను.

అప్పటి నుంచి నన్ను వాయించేది బర్నబా. పొగాకు కంపెనీలో బేళ్ళు కట్టించే మేస్త్రి, చదివింది ఏడో తరగతి. ఆదివారం అందరికంటే గంట ముందు వచ్చి, తెల్లగుడ్డతో నా మెట్లు ఒక్కొక్కటే తుడిచేవాడు. తుడుస్తూ నాతో మాట్లాడేవాడు. "ఏమే, దేవుడు పాట వింటాడంటావా, పాడేవాణ్ణి వింటాడంటావా?" అని ఒకసారి అడిగాడు. ఆ తరువాత కూడా అడగడం మానలేదు.

ఆయనకు ప్రాణమైన పాట ఒకటుంది. బైబిల్లో సమరయ స్త్రీ బావి దగ్గరికి నీళ్ళకు వస్తే, దప్పికగొన్న ప్రభువు ఆమెను నీళ్ళడిగిన పాట. వాళ్ళ అవ్వ వరి కోతల్లో పాడినది. ఏ పుస్తకంలోనూ లేదు. మూడో చరణంలో ఆ స్త్రీ కడవ వదిలేసి ఊళ్ళోకి పరుగెత్తే చోట ఒక పొడుగాటి వరస వస్తుంది, దాన్ని ఒక్క ఊపిరిలో లాగాలి. అవ్వ లాగేదట. బర్నబా కూడా లాగేవాడు. కంపెనీలో పొగాకు దుమ్ము మింగీ మింగీ నలభై ఐదో ఏట ఉబ్బసం పట్టుకున్నాక, ఆ వరస సగంలో తెగిపోసాగింది. చీరాలలో డాక్టరమ్మ నీలం రంగు పంపు ఒకటిచ్చింది. నోట్లో పెట్టుకుని నొక్కితే మందు గాలిలా లోపలికి పోతుంది. "ఇది నీ కంటే చిన్న హార్మోనియమే," అని నాకు చూపించి నవ్వాడు.

ఆ యేడు జనవరిలో పట్నంలో మూడు రోజులు స్వస్థత కూటాలు జరిగాయి. బర్నబా మూడు రోజులూ పోయాడు. ఆ తరువాత పది రోజులు ఛాతీలో పిల్లికూత లేదు, ఆయాసం లేదు. ఆదివారం పాటలయ్యాక, దేవుడు చేసిన మేళ్ళు చెప్పుకునే సాక్ష్యాల వేళ లేచి నిలబడ్డాడు.

"ప్రభువు నన్ను ముట్టాడు. ఇక ఆ పంపు నాకక్కర్లేదు!"

చర్చి అంతా హల్లెలూయలతో మోగిపోయింది. ఆయన కూర్చుని మూడో చరణం వరసను ఒక్క ఊపిరిలో లాగేశాడు. ఆ రోజు ఆయన చెయ్యి నామీద ఎంత తేలిగ్గా ఆడిందో నాకు గుర్తుంది. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ రోజుకు అది నిజం.

ఫిబ్రవరి వచ్చింది, కంపెనీలో సీజను మొదలైంది. దుమ్ము లేచింది, దాంతోపాటు ఆయాసమూ లేచింది. నేనైతే అందరికీ వినబడేలా బొంగురుపోయేదాన్ని. మనుషులకు ఆ సదుపాయం లేదు కాబోలు. సాక్ష్యం ఇచ్చినవాడు దగ్గితే సాక్ష్యమే దగ్గినట్టవుతుందని ఆయన భయపడ్డాడు. ఒక ఆదివారం ఉదయం ఎవరూ రాకముందే నా పైమూత ఎత్తి, మెట్ల వెనక ఉన్న ఖాళీలో ఆ నీలం పంపును దాచాడు. అది మొదలు, కూటానికి ముందు మూత ఎత్తడం, మెట్లు తుడుస్తున్నట్టు వంగి రెండుసార్లు పీల్చడం, మూత వెయ్యడం. అంతకుముందు నా జన్మలో నాకు ఎవరూ రహస్యం అప్పగించలేదు. కొంచెం గర్వపడ్డాను కూడా.

కాని ఆ పంపు ఒక రీడు మీద ఒరిగి కూర్చుంది. నా పంచమం జీరపోయింది. పంచమం మీదికి వచ్చినప్పుడల్లా జుమ్మని ఈగ ముసిరినట్టు చప్పుడు.

"ఏందయ్యా బర్నబా, నీ రోగం పోయి పెట్టెకు పట్టుకుందే!" అన్నాడు సంఘపెద్ద లాజరయ్య. అందరూ నవ్వారు. "తెనాలి నుంచి మనిషిని పిలిపిద్దాం, ఒకసారి విప్పి చూస్తాడు."

"వద్దు మావా! విప్పితే మొదటికే మోసం వస్తది," అని బర్నబా నామీద రెండు చేతులూ వేశాడు.

ఆయన భార్య తబితమ్మకు ఈ సంగతి ఎప్పుడో తెలిసిపోయింది. చర్చి ఊడవడానికి వచ్చినప్పుడు ఆమె నా మూత ఎత్తి చూసి, మళ్ళీ వేసేసింది. భర్త చర్చికి రాగానే అడిగింది.

"పెట్టెకు ఇన్హేలరు పెట్టారే, ఎన్నిసార్లు పీల్చమన్నది డాక్టరమ్మ?"

"ఊరుకో తబితా. ఎవురన్నా వింటే..."

"దేవుడు వినే ఉంటాడుగా. ఇంకెవురు వినకూడదు?"

ఆయన తెల్లగుడ్డ అందుకుని మెట్లు తుడవసాగాడు. అంతటితో ఊరుకుంటే ఇది ఒక మొహమాటస్తుడి కథగా మిగిలేది. అయితే సలోమి ఉంది.

సలోమి బస్సు స్టాపు దగ్గర కట్టెల పొయ్యి మీద అట్లు పోసి అమ్ముకునే మనిషి. మొగుడు లేడు. పొయ్యి పొగకు ఆమెకూ ఇదే ఉబ్బసం. మార్చిలో ఒక ఆదివారం కూటమయ్యాక ఆమె నవ్వుకుంటూ వచ్చింది. "వందనాలన్నా! మీ సాక్ష్యం విన్నాక నాకూ విశ్వాసం వచ్చింది. నా పంపు కాలవలోకి ఇసిరి పారేశా. మళ్ళీ కొనను కూడా కొనను."

మూత వేస్తున్న బర్నబా చెయ్యి ఆగిపోయింది. నా పక్కనే నిలబడి ఉన్నాడు. చెప్పేస్తాడనుకున్నాను. "దేవునికి స్తోత్రం," అన్నాడు, అంతే. ఆమె వెళ్ళాక నా మూత వేసేశాడు. "చెప్పాలే. మట్టలాదివారం కానీ," అన్నాడు. ఈస్టరుకు వారం ముందు వచ్చే ఆ మట్టలాదివారం అయింది. "ఈస్టరు కానీ," అన్నాడు. మనుషులు మంచిపనికి ఎప్పుడూ పండగే ఎందుకు చూసుకుంటారో నాకు తెలియదు.

ఈలోగా మంచి శుక్రవారం వచ్చింది. మా చర్చిలో ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఉపవాసంతో కూటం. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద సంఘంలో ఏడుగురు మాట్లాడతారు. ఒక్కొక్క మాట తరువాత ఒక్కొక్క పాట. దప్పికను గురించిన ఐదో మాట ఆ యేడు సలోమికి ఇచ్చారు. దాని వెంట బావి పాట పాడతానని బర్నబా తానే అడిగి పెట్టించుకున్నాడు.

ఎండ నిప్పులు చెరుగుతోంది. కరెంటు లేదు. జనం కిక్కిరిసి ఉన్నారు, చాపల దుమ్ము లేస్తోంది. సలోమి లేచింది. కొత్త చీర కట్టుకుంది, చేతిలో కాగితం ఉంది. "ఆయన... దప్పిక..." అని ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. మాటకూ మాటకూ నడుమ కూత వినబడుతోంది. జనం ఆమె ఏడుస్తోందనుకున్నారు. "స్తోత్రం, స్తోత్రం," అని కొందరు కళ్ళు మూసుకున్నారు. ముందు వరసలో ఒకామె కొంగుతో కళ్ళొత్తుకుంది. అది ఏడుపు కాదని తెలిసినవాళ్ళం ముగ్గురమే, బర్నబా, తబితమ్మ, నేను. తిత్తిలో గాలి అందని చప్పుడు నేను ఎక్కడున్నా పోల్చుకుంటాను.

ఆమె పెదాలు నల్లబడ్డాయి. కాగితం జారిపడింది. బల్ల పట్టుకుని కూలబడింది.

"ప్రార్థన చేయండి!" అని ఎవరో అరిచారు. అందరూ ఒక్కసారిగా గొంతెత్తారు. బర్నబా వేళ్ళు నా మెట్ల మీద ఉన్నాయి. తబితమ్మ ఆడవాళ్ళ వైపు నుంచి ఆయన్ను చూసింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. తెరిచాడు.

నా పైమూత ఎత్తాడు. అందరూ చూస్తుండగా, బంగారం దాచుకున్నవాడిలా మెట్ల వెనకకు చెయ్యి పోనిచ్చి, ఆ నీలం పంపును బయటకు తీశాడు.

"అమ్మా సలోమీ, నోరు తెరువు. ఊపిరి వదులు. ఆ, ఇప్పుడు లోపలికి లాగు. పట్టి ఉంచు. ఇంకోసారి."

ప్రార్థన ఒక్కొక్క గొంతే ఆగిపోయింది. చర్చిలో ఆ పంపు చప్పుడు తప్ప మరేమీ లేదు. నాలుగోసారి నొక్కాక ఆమె ఛాతీ కొంచెం దిగింది. ఆటో పిలిచి తబితమ్మ ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయింది.

బర్నబా నిలబడే ఉన్నాడు, పంపు చేతిలోనే ఉంది. ఉత్తపుణ్యానికే నవ్వే లాజరయ్య కూడా నవ్వలేదు.

"ఇది నాదే," అన్నాడు బర్నబా. "ఫిబ్రవరి నుంచి ఈ పెట్టెలో దాచి పీలుస్తన్నా. సాక్ష్యం చెప్పిన నాడు నాకు నిజంగానే బాగుంది. తర్వాత బాగాలేదు. అది చెప్పడానికి సిగ్గుపడ్డా. నా సిగ్గు ఆ బిడ్డ పీక మీదికి వచ్చింది. దేవుడు నన్ను ముట్టాడనే ఇప్పటికీ నమ్ముతున్నా. ఎట్లా ముట్టాడో నాకు తెలియదు. ఈ పంపులోంచే ముట్టాడేమో, నాకు తెలియదు."

పాస్టరుగారు ఆయన దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. నెమ్మదిగా అన్నా నాకు వినబడింది. "నేను బీపీ బిళ్ళ వేసుకునే ప్రసంగానికి వస్తా బర్నబా. ఎవురికీ చెప్పలా." ఆ తరువాత జనం వైపు తిరిగి గట్టిగా, "మిగిలిన రెండు మాటలున్నాయి. ముందు ఐదో మాట పాట కానివ్వండి," అన్నారు.

బర్నబా వాయించాడు. రీడు మీద బరువు దిగిందేమో, నా పంచమం అద్దంలా పలికింది. నాకే వింతగా అనిపించింది. మూడో చరణంలో ఆ పొడుగాటి వరస మూడు ముక్కలుగా పాడాడు. తెగినప్పుడల్లా ఆగి, ఊపిరి తీసుకుని, తొందర లేకుండా అందుకున్నాడు. పెదాలు కదుపుతున్న లాజరయ్య కూడా ఆయనతోపాటు ఆ మూడు చోట్లా ఆగాడు.

సలోమి మూడో రోజు ఇంటికి వచ్చింది. వారం రోజులు బర్నబాతో మాట్లాడలేదు. ఆ తరువాత ఆదివారం వచ్చి, "అన్నా, ఈసారి సాక్ష్యం చెప్పేటప్పుడు మొత్తం చెప్పు," అంది. "నేనూ చెబుతా. కాలవలో పారేసింది కూడా చెబుతా." సంఘం వాళ్ళు ఆమెకు గ్యాసు పొయ్యి కొనిచ్చారు.

ఇదంతా జరిగి తొమ్మిదేళ్ళు. ఇప్పుడు చర్చిలో కరెంటు కీబోర్డు ఉంది. దానికి ఊపిరి అక్కర్లేదు, తీగ ఉంటే చాలు. నేను కిటికీ పక్కన బల్ల మీద ఉంటున్నాను. తిత్తిలో రెండు చిల్లులు పడ్డాయి, బర్నబా వాటికి తోలు అతికించాడు. నెలకొకసారి, రొట్టె, ద్రాక్షరసంతో సంస్కారం ఇచ్చే ఆదివారం, బావి పాటకు మాత్రం నన్నే దించుతారు.

నీలం పంపు ఇప్పుడు మూత కింద లేదు. నా పైన, అందరికీ కనిపించేలా, తెల్లగుడ్డ మీద ఉంటుంది. ఎవరికి అవసరమైతే వాళ్ళు తీసుకుంటారు. అయిపోతే తబితమ్మ కొత్తది తెచ్చి పెడుతుంది. మూడో చరణం వచ్చేసరికి నా చెక్క అదిరి ఆ పంపు టకటకలాడుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు అదేం చప్పుడని తల తిప్పి చూస్తారు. మా వాళ్ళు చూడరు. వాళ్ళకు అది పాటలో భాగమైపోయింది. దేవుడు ఆ టకటకను కూడా వింటాడా అని బర్నబా నన్ను ఇంకా అడుగుతూనే ఉన్నాడు.