మొదటి వారం పాఠం

సుహాసిని పోయిన రోజు ఆమె ఫోన్ సాయంత్రం దాకా మోగుతూనే ఉంది. ఎక్కువగా ఆమె విద్యార్థులే. నా భార్య వనపర్తి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో వృత్తి నైతికత పాఠం చెప్పేది. నేను తెలకపల్లి వైపు ఒక ప్రభుత్వ బడిలో సాంఘిక శాస్త్రం చెబుతాను. ఆ ఫోన్‌ను ఆపేయలేకపోయాను. రోజూ ఛార్జింగ్ పెడుతూ వచ్చాను.

దసరా సెలవులయ్యాక ఒక పొద్దున అది మళ్లీ మోగింది.

"సార్, నేను అమూల్యను, ఫస్టియర్. మాది మన్ననూర్. అడ్మిషన్ నాడు నన్ను హాస్టల్ల చేర్పించింది మేడమే." ఆగి, మెల్లగా అంది. "కాలేజీల పెద్దోళ్లను ఎవరన్న తీస్కరమ్మన్నరు సార్. మా నాయినకు అడవిల డ్యూటీ, సెలవియ్యరంట. మీరొస్తరా?"

మర్నాడు వెళ్లాను. కాలేజీ మెట్ల మీద అమూల్య, ఆమె గదిలోనే ఉండే రుబీనా కూర్చుని ఉన్నారు. సంగతి రుబీనాయే చెప్పింది. కంప్యూటర్ ల్యాబ్‌లో ఎవరికి వారు రాయాల్సిన ప్రోగ్రాంను అమూల్య రాసి, అడిగిన వాళ్లకల్లా ఇచ్చింది. వాళ్లు తమ పేర్లు పెట్టుకుని ఇచ్చారు. అన్నీ ఒకేలా ఉండడంతో బయటపడింది. మిగతావాళ్లు ఎవరికి వారు తామే రాశామన్నారు; రాసి పంచానని ఒప్పుకున్నది అమూల్య ఒక్కతే. ఇక ఆమె చదువు ఏడాది పాటు ఆపేస్తారట.

"ప్రోగ్రామంటే తేనెపట్టు అనుకున్నది సార్ ఇది. ఉన్నోళ్లందరికి పంచింది."

"నువ్వు గూడ నాకినవు గదనే" అంది అమూల్య.

రుబీనా నవ్వబోయి ఆగింది.

మన్ననూర్ వైపు నల్లమల చెంచుల్లో తేనెపట్టు దింపిన చోట ఎవరుంటే వాళ్లకు వాటా పెడతారు. అమూల్య ఆ ఇళ్లలో పెరిగిన పిల్ల.

లోపల విచారణ కమిటీకి పెద్ద జగదీశ్ గారు. సుహాసినితో కలిసి పనిచేసినవారు. గొంతు పెంచలేదు.

"గిట్ల ఇచ్చుడు తప్పని తెల్వదా అమ్మా?"

"దాసుకునుడు తప్పనుకున్న సార్."

"ఎవరెవరికి ఇచ్చినవో చెప్పు. నీకు శిక్ష తగ్గుతది."

అమూల్య నా వైపు చూసింది. సుహాసిని అయితే ఏమనేదో ఊహించబోయాను. తోచలేదు. ఆ అమ్మాయి తల దించుకుంది. ఎవరి పేరూ చెప్పలేదు.

"ఏడాది ఆపితే ఈ పిల్ల మళ్లీ రాదు సార్" అన్నాను.

"నాకు తెల్వదా? కాని ఇచ్చినోళ్లు, తీసుకున్నోళ్లు ఒకటేనని నియమం రాసింది మన మేడమే గద."

'మన' అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను.

"ఆ నియమం ఈ పిల్లలకు ఎవరు చెప్పారు?" అని అడిగాను.

ఏటా మొదటి వారంలో, తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలను కూర్చోబెట్టి సుహాసిని ఆ నియమాలు తెలుగులో చెప్పేది. సాయం ఎక్కడ ఆగుతుందో, మోసం ఎక్కడ మొదలవుతుందో వాళ్ల చేతనే చెప్పించేది. ఈ ఏడు ఆ వారం ఆమె దవాఖానలో ఉంది. పిల్లల చేత ఇంగ్లిష్ కాగితం మీద సంతకాలు పెట్టించి ఊరుకున్నారు.

జగదీశ్ గారు కళ్లద్దాలు తీశారు.

"ఎవ్వరు చెప్పలే" అన్నారు.

శిక్ష వాయిదా వేశారు. ముందు ఆ క్లాసు జరగాలి. తర్వాత అందరినీ మళ్లీ పిలవాలి. అప్పటిదాకా అమూల్య ల్యాబ్ పరీక్ష రాయకూడదు. ఇక క్లాసు ఎవరు తీసుకోవాలన్నదే మిగిలింది.

"మీరే చెప్పరాదా సార్?" అన్నారు జగదీశ్ గారు.

చూస్తానన్నాను.

బయట రుబీనా లేదు. అమూల్య నాతో బస్సు దాకా వచ్చింది.

"గా క్లాసు మేడం ఎట్ల చెప్తుండె సార్?"

నేనెప్పుడూ వినలేదని చెప్పాను.

ఇంట్లో ఆ పాఠం ఒకసారి పైకి చెప్పి చూశాను. వినడానికి ఎవరూ లేరు. రెండో వాక్యం రాలేదు.

ఆ క్లాసు ఇంకా జరగలేదు. అమూల్య ల్యాబ్ పరీక్ష ఇంకా రాయలేదు.