రామాంజనేయులు సార్ పేరు మీద

పద్మశ్రీ కొంగుతో కీబోర్డు మీది దుమ్ము తుడిచి, యూనివర్సిటీ వెబ్‌సైటు తెరిచి, రోజూ కొట్టే పేరే కొట్టింది. ఆ పేరు ఆమెది కాదు. కంప్యూటర్ సెంటర్ నుంచి ఎప్పుడో రిటైరైన రామాంజనేయులు సార్‌ది. రోజూ అయితే నేరుగా నోటీసుల పేజీ వచ్చేది. ఇవాళ తెర మీద చిన్న పెట్టె ఒకటి వచ్చి, ఫోనుకు పంపిన కోడ్ చెప్పమంది. ఆ ఫోను కూడా సార్‌దే.



నిన్న ఆదివారం వెబ్‌సైటును కొత్త వెర్షన్‌కు మార్చారు. దాంతో కోడ్ అడగడం మొదలైంది, ఎవరికి ఏ హక్కుందో చెప్పే అమరికంతా చెదిరిపోయింది. సొంత పేరుతో లోపలికెళితే చూడటమే తప్ప ముట్టుకోవడానికి లేదు. అన్ని అధికారాలూ మిగిలినవి సార్ పేరుకే. ఎవరి పేరుకు వాళ్ల హక్కులివ్వాలంటే పైవాళ్ల సంతకాలు కావాలి, ఆ సంతకాలు ఎప్పటికీ కావు. అందుకని ఎప్పట్నుంచో సెంటర్ నుంచి పరీక్షల విభాగం దాకా అందరూ ఆయన పేరు మీదే పని కానిస్తున్నారు. అందరికీ పాస్‌వర్డ్ చెప్పింది పద్మశ్రీయే. అడిగితే లేదనలేని మనిషి.

ఆమెకు నలభై దాటాయి. మల్కాజ్‌గిరి నుంచి టిఫిను డబ్బా పట్టుకుని వస్తుంది, పోతుంది. ఉద్యోగం కాంట్రాక్టుది. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే చాలు, ఏం తప్పు చేశానో అని ముందు వణుకుతుంది.

"పద్మశ్రీ!" డైరెక్టర్ కరుణాకర్ గుమ్మంలో నిలబడ్డాడు. "సాయంత్రం వరకు హాల్‌టికెట్లు సైట్ల ఉండాలె. రేపే పరీక్ష. పిల్లలు గేటు కాడ ధర్నాకు కూసుంటే నీ పేరే చెప్త. గా తర్వాత నీ కాంట్రాక్టు సంగతి నన్నడగొద్దు."

వెర్షన్ మార్చిన కంపెనీ వాళ్లు రెండ్రోజులు ఆగమన్నారు. సార్‌కు ఫోను చేస్తే మోగుతోంది గానీ ఎత్తడం లేదు. ఒంట్లో బాగాలేదని ఆ మధ్య విన్నది, వెళ్లి చూసింది లేదు. ఆయన బతికుంటే చాలు అనుకుంది. ఎందుకు బతికుండాలని కోరుకుందో తట్టి సిగ్గుపడింది.

పక్క సీటు కావ్యను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఆటోలో తార్నాక వెళ్లింది. సార్ భార్య లలితమ్మ తలుపు సందులోంచి తొంగిచూసి, గుర్తుపట్టాక గొలుసు తీసింది.

సార్ మంచం మీద చిక్కిపోయి ఉన్నాడు. దవడలు లోపలికి పోయాయి, పాదాలు ఉబ్బాయి. ఒక చెయ్యి దిండు కిందే ఉంది.

"ఫోను ఎత్తల్యాకపోయిన్యా పాపా. నిన్నట్నుంచి ఒగటే కోడ్లు. ఎవుడో నా పింఛను దోచుకోను జూస్తాండాడు. రాత్రంతా నిద్రల్యా."

"దొంగలు కాదు సార్. మేమే," అంది పద్మశ్రీ. అంతా చెప్పింది.

ఆయన కళ్లు చికిలించాడు. "కోడ్ ఎవురికీ చెప్పగాకండని బ్యాంకోళ్లు చెప్పినారు. నువ్వు పద్మశ్రీవేనా? ఆఫీసులో నేనేం తాగుతాంటి, చెప్పు."

"చక్కెర లేని చాయ్ సార్. దాంట్ల ముంచుకోనీకి నాలుగు ఉస్మానియా బిస్కట్లు."

లలితమ్మ మొగుడి వంక ఉరిమి చూసింది. ఆయన నవ్వబోయి దగ్గాడు. తర్వాత ఫోను బయటికి తీశాడు.

కళ్లద్దాలు వెతికేలోగా మొదటి కోడ్ గడువు తీరిపోయింది. "అక్కా, మల్ల పంపుతున్న," అంది ఫోనులో కావ్య. సార్ ఒక్కో అంకె కూడబలుక్కుని చదువుతుంటే పద్మశ్రీ దాన్ని కావ్యకు చెప్పింది.

"పేజీ వచ్చింది అక్కా!"

పద్మశ్రీకి ఏడుపొచ్చింది. ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "ఈ పొద్దే నా పేరు తీసెయ్ పాపా. ఇది మోగితే గుండె అదురుతాది."

"ఇయ్యాల్నే తీసేస్త సార్."

సెంటర్‌కు వచ్చి, ఎవరి పేరుకు వాళ్ల హక్కులు కట్టబెట్టింది. సంతకాల ఊసు ఈసారి కరుణాకర్ కూడా ఎత్తలేదు. నాలుగు గంటలకల్లా హాల్‌టికెట్లు సైటులో ఉన్నాయి. ఇక మిగిలింది సార్ పేరే. తీసేసే బొత్తాం దాకా వెళ్లి ఆమె వేలు ఆగిపోయింది. ఇది తీస్తే మళ్లీ అంతా చెదిరితే? పొద్దున్నే పిల్లలు గేటు దగ్గర కూర్చుంటే? రేపు పరీక్ష అయ్యాక చూద్దాంలే అనుకుని, ఆరింటికి కంప్యూటర్ ఆపేసింది.

గేటు దాటకముందే లలితమ్మ ఫోను.

వెళ్లేసరికి సార్‌ను హాల్లో చాప మీద పడుకోబెట్టారు. తల దగ్గర దీపం. లలితమ్మ గోడకానుకుని కూర్చుంది.

"నువ్వు పోయినాక మజ్జిగ తాగి పండుకొన్న్యాడు. ఎన్నాళ్లకో నిద్రపట్నాది. అయిదుకు ఫోను మళ్లా మోగినాది పాపా. చూడాల్నా అంటే, 'ఇది వేరేది ఏదోలే, పద్మశ్రీ తీసేసింటాది' అని అటు తిరిగి పండుకొన్న్యాడు. మళ్లా లేయల్యా."

 పరీక్షల విభాగంలో ఎవరో అలవాటు కొద్దీ పాత పేరే కొట్టి ఉంటారనుకుంది పద్మశ్రీ. ఆ సంగతి ఈమెకు చెప్పాలా? చెప్పే ధైర్యం రేపటికి మాత్రం వస్తుందా?

లోపలి గదిలో, ఖాళీ మంచం మీద, దిండు కింద సార్ ఫోను మళ్లీ మోగి, కాసేపు వెలిగి ఆరిపోయింది.